రికవరీ తర్వాత డేటాబేస్ కరప్ట్ అయిందని అనుమానమా? రిపేర్ మొదలుపెట్టేముందు ఇవి చూడండి

మీరు రాసింది మొత్తం చదివాను. నాకు అర్థమైంది ఇది. ఉబుంటు 18.04 మీద పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్ సర్వర్ నడుస్తుండగా డిస్క్ పోయింది, బేస్ బ్యాకప్ (డేటా డైరెక్టరీ పూర్తి కాపీ) ప్లస్ వాల్ ఫైల్స్ (ప్రతి మార్పూ వరుసగా రాసే లాగ్) పెట్టి, ఏ టైమ్ వరకు రికవర్ చేయాలో రికవరీ_టార్గెట్_టైమ్ సెట్టింగ్‌లో చెప్పి, కొత్త ఉబుంటు 22.04 మెషీన్ మీద రికవర్ చేశారు, సర్వర్ చక్కగా లేచింది, యాప్ కలిపేశారు. ఆ తర్వాత కంప్లైంట్లు మొదలయ్యాయి. కొంతమంది కస్టమర్లు ఈమెయిల్‌తో వెతికితే దొరకట్లేదు కానీ ఐడీతో వెతికితే ఉన్నారు, యూనిక్ పెట్టిన కాలమ్‌లోనే డూప్లికేట్లు కనిపిస్తున్నాయి, డాక్యుమెంట్స్ టేబుల్ చదువుతుంటే "మిస్సింగ్ చంక్ నంబర్ 0 ఫర్ టోస్ట్ వాల్యూ" అని ఎర్రర్ కొడుతోంది, డిస్క్ పోకముందు కొన్ని గంటల ఆర్డర్లు లేవు, పైగా ఆర్డర్ ఐడీల్లో గ్యాప్ ఉంది. మీ టీమ్‌లో ఒకరు పీజీ_రీసెట్‌వాల్ కొట్టమన్నారు, ఇంకొకరు జీరో_డ్యామేజ్డ్_పేజెస్ ఆన్ చేయమన్నారు.

రెండూ వద్దు. దయచేసి ఈరోజు రెండూ ముట్టుకోవద్దు. పీజీ_రీసెట్‌వాల్ అనేది అసలు లేవని సర్వర్‌ని ఎలాగోలా లేపి డేటా బయటికి తీసుకోవడానికి ఉన్న ఆఖరి దారి, మీ సర్వర్ లేచే ఉంది కాబట్టి దాంతో మీకు వచ్చేది ఏమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది. రెండోది పాడైన పేజీ కనిపించగానే మెమరీలో దాన్ని సున్నాలతో నింపేస్తుంది, అంటే ఆ 8 కేబీ పేజీలో ఇంకా బాగున్న రోలు (టేబుల్‌లోని ఒక్కో రికార్డు ఒక రో) కూడా మాయమైపోతాయి. ఎర్రర్ పోతుంది నిజమే, ఎర్రర్‌తో పాటు డేటా కూడా పోతుంది.

నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, మీరు వీటన్నిటినీ కలిపి కరప్షన్ అంటున్నారు కానీ మీ లక్షణాలు చూస్తే నాకు కనీసం మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి, వాటిలో ఒకటి మాత్రమే నిజంగా డేటా పాడవడం అయ్యుండొచ్చు. దేనికి ఏది కారణమో తేలకుండా రిపేర్ మొదలుపెడితే గోటితో పోయేది గొడ్డలి దాకా వెళ్తుంది.

అన్నిటికంటే ముందు కాపీ. యాప్ రైట్స్ ఆపేయండి, సర్వర్‌ని క్లీన్‌గా షట్‌డౌన్ చేసి డేటా డైరెక్టరీ మొత్తం, పీజీ_వాల్ ఫోల్డర్, వేరే చోట టేబుల్‌స్పేస్‌లు ఉంటే అవి కూడా కలిపి వేరే స్టోరేజ్ మీదకి కాపీ తీయండి. ఆపడం కుదరదంటే అన్ని వాల్యూమ్స్‌కీ ఒకే క్షణంలో స్నాప్‌షాట్ తీయగలిగితేనే స్నాప్‌షాట్ వాడండి, ఒకదాని తర్వాత ఒకటి తీస్తే అది ఇంకో కొత్త సమస్య. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది, బ్యాకప్ టూల్‌లో పాత బ్యాకప్‌లు ఆటోమేటిక్‌గా డిలీట్ అయ్యే రిటెన్షన్ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఇప్పుడే ఆపేయండి. మీరు ఇక్కడ కారణం వెతుకుతూ ఉండగా అక్కడ బాగున్న పాత బ్యాకప్ గడువు అయిపోయి వెళ్ళిపోతే ఇక చేసేదేం ఉండదు. పాత డిస్క్ కూడా ఎవరికీ ఇవ్వొద్దు, ఫార్మాట్ చేయొద్దు. రెప్లికా (మెయిన్ సర్వర్‌కి నకలుగా నడిచే ఇంకో సర్వర్) ఏదైనా ఉంటే దాన్ని కూడా అలాగే ఉంచండి, డిస్క్ మీద పేజీ పాడైతే ఆ పాడవడం మామూలుగా వాల్ ద్వారా రెప్లికాకి వెళ్ళదు కాబట్టి మీకు కావాల్సిన మంచి కాపీ అక్కడే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇకనుంచి నేను చెప్పే టెస్టులన్నీ ఈ కాపీ మీద ఇంకో సర్వర్ లేపి చేయండి, ప్రొడక్షన్ మీద కాదు.

ఇప్పుడు కరప్షన్ కానివాటిని పక్కన పెట్టేద్దాం, అవి త్వరగా తేలిపోతాయి. ఆర్డర్ ఐడీల్లో గ్యాప్ అసలు సమస్యే కాదు. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ (ఐడీలు ఇచ్చే కౌంటర్) నంబర్లని ఒక్కొక్కటిగా వాల్‌లో రాయదు, 32 ముందుకి ఒకేసారి రాసేసుకుంటుంది, క్రాష్ తర్వాతో రికవరీ తర్వాతో లేచినప్పుడు ఆ రాసుకున్న చోటు నుంచి మొదలవుతుంది, అందుకే మధ్యలో కొన్ని నంబర్లు ఎగిరిపోతాయి. గ్యాప్ 32 దాటకపోతే దాని గురించి ఆలోచించకండి. అలాగే ఏదైనా టేబుల్ పూర్తిగా ఖాళీగా కనిపిస్తే అది అన్‌లాగ్డ్ టేబుల్ (మార్పులు వాల్‌లో రాయని టేబుల్) ఏమో చూడండి, వాటిని రికవరీ ఖాళీ చేసేస్తుంది, అది దాని పద్ధతి. క్వెరీలు స్లో అయ్యాయంటే కూడా భయపడొద్దు, రికవరీలో వాడకం లెక్కలు రీసెట్ అయిపోతాయి కాబట్టి ఆటోవాక్యూమ్‌కి (టేబుల్స్‌ని దానంతటదే శుభ్రం చేసి లెక్కలు తాజా చేసే పని) ఏ టేబుల్ ఎంత మారిందో తెలియదు, ఒకసారి అనలైజ్ కొడితే చాలావరకు సర్దుకుంటుంది.

పోయిన కొన్ని గంటల ఆర్డర్ల విషయం వేరు. డేటా పోయింది కానీ అది కరప్షన్ అవ్వడం వల్ల కాకపోవచ్చు. మీరు రికవరీ_టార్గెట్_టైమ్ ఇచ్చారన్నారు కదా, దాంట్లో టైమ్‌జోన్ ఆఫ్‌సెట్ రాశారా? రాయకపోతే సర్వర్ తన సొంత టైమ్‌జోన్ సెట్టింగ్ ప్రకారం ఆ టైమ్‌ని అర్థం చేసుకుంటుంది, కొత్త మెషీన్ సెట్టింగ్ పాత మెషీన్ సెట్టింగ్ ఒకటి కాకపోతే మీరు అనుకున్న టైమ్ కంటే గంటల ముందే రికవరీ ఆగిపోవచ్చు. దీనికి ఊహించాల్సిన పని లేదు, రికవరీ జరిగినప్పటి లాగ్ తెరిచి "రికవరీ స్టాపింగ్ బిఫోర్ కమిట్ ఆఫ్ ట్రాన్సాక్షన్" అనే లైన్ వెతకండి, పక్కనే ఎక్కడ ఆగిందో టైమ్ ఉంటుంది. ఆ టైమ్‌ని పక్కనున్న టైమ్‌జోన్‌తో కలిపి చదవండి, అది మీరు అనుకున్నదాని కంటే తేడాగా ఉంటే కారణం దొరికేసినట్టే, ఆర్కైవ్‌లో మిగతా వాల్ ఫైల్స్ ఇంకా ఉంటే అదే బేస్ బ్యాకప్‌ని ఇంకో మెషీన్ మీద మళ్ళీ కరెక్ట్ టైమ్ వరకు రికవర్ చేసి ఆ ఆర్డర్లు తెచ్చుకోవచ్చు. రిటెన్షన్ ఆపమని అంత గట్టిగా చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

ఇక ఈమెయిల్స్ దొరక్కపోవడం, డూప్లికేట్లు రావడం. మీరు ఓఎస్ వెర్షన్లు రాశారు కాబట్టి దీని మీద నాకు దాదాపు అనుమానం లేదు. ఉబుంటు 18.04 లో ఉన్న జీలిబ్‌సీ (ఓఎస్‌తో వచ్చే ప్రాథమిక లైబ్రరీ) 2.27, 22.04 లో ఉన్నది 2.35. మధ్యలో 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వెర్షన్‌లో అక్షరాల సార్టింగ్ రూల్స్ పెద్ద ఎత్తున మారిపోయాయి. పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్స్‌ని సార్ట్ చేయడానికి డిఫాల్ట్‌గా ఈ ఓఎస్ లైబ్రరీ మీదే ఆధారపడుతుంది, బీట్రీ ఇండెక్స్ అంటేనే సార్ట్ అయి ఉన్న లిస్ట్. మీరు బేస్ బ్యాకప్ రీస్టోర్ చేసినప్పుడు ఇండెక్స్ ఫైల్స్ పాత వరుసలోనే వచ్చాయి, కొత్త సర్వర్ మాత్రం కొత్త వరుస ప్రకారం వెతుకుతోంది. ఒక వరుసలో అచ్చేసిన నిఘంటువులో ఇంకో వరుస ప్రకారం పదం వెతికితే ఎలా దొరకదో అలా అన్నమాట, పదం లోపలే ఉంది కానీ వెతికే చోట లేదు. ఐడీ ఇంటీజర్ కాబట్టి దాని ఇండెక్స్‌కి ఏమీ కాలేదు, అందుకే ఐడీతో కస్టమర్ దొరుకుతున్నాడు. యూనిక్ ఇండెక్స్ కూడా కొత్త రో వచ్చినప్పుడు ఇలాగే వెతుకుతుంది, పాతది కనిపించకపోయేసరికి లేదనుకుని కొత్తదాన్ని లోపలికి రానిస్తుంది. డూప్లికేట్లు అలా వచ్చినవే, అంటే రికవరీ తర్వాత యాప్ నడిచిన ప్రతి గంటకీ అవి పెరుగుతూ ఉంటాయి. రైట్స్ ఆపమన్నది ఇందుకే.

నమ్మకం కుదరకపోతే చిన్న టెస్ట్ ఉంది. పాత ఓఎస్ ఉన్న మెషీన్ ఒకటి, కొత్తది ఒకటి తీసుకుని రెండింటి మీదా టెర్మినల్‌లో అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్ పెట్టి 1-1 అని ఒక లైను, 11 అని ఒక లైను సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. పాతదాని మీద 11 ముందు వస్తుంది, కొత్తదాని మీద 1-1 ముందు వస్తుంది. హైఫన్, చుక్క లాంటివి ఉన్న ఈమెయిల్స్‌కే ఎక్కువగా సమస్య వస్తుండటానికి కారణం అర్థమవుతుంది. డేటాబేస్ లోపల చూడాలంటే సెషన్‌లో ఇండెక్స్ స్కాన్, ఇండెక్స్ ఓన్లీ స్కాన్, బిట్‌మ్యాప్ స్కాన్ మూడూ ఆఫ్ చేసి అదే ఈమెయిల్ వెతకండి, టేబుల్ మొత్తం చదివి రో దొరికితే టేబుల్ బాగానే ఉంది ఇండెక్స్ ఒక్కటే తప్పు అని తేలిపోయినట్టే. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి అయితే డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వగానే కొలేషన్ (అక్షరాల సార్టింగ్ రూల్స్) వెర్షన్ తేడా ఉందని వార్నింగ్ వస్తుంది, 14 లో డేటాబేస్ డిఫాల్ట్ కొలేషన్‌కి ఆ వార్నింగ్ లేదు, అందుకే మీకు ఒక్క ముక్క కూడా తెలియకుండా జరిగిపోయింది. కొత్త వెర్షన్లు వాడేవాళ్ళు కూడా ఆ వార్నింగ్ విసుగు పుట్టి రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ కమాండ్ కొట్టేసి ఊరుకుంటున్నారు, అది వార్నింగ్‌ని మాత్రమే ఆపుతుంది, ఇండెక్స్‌ని బాగుచేయదు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, చెప్పే నోరు మూసేసినట్టే కదా.

దీనికి మందు రీఇండెక్స్, అంటే ఇండెక్స్‌ని మళ్ళీ మొదటి నుంచి కట్టడం. కానీ నేరుగా కొడితే మీ యూనిక్ ఇండెక్స్ మీద డూప్లికేట్ కీ ఉందని ఫెయిల్ అవుతుంది. ముందు ఆ మూడు స్కాన్లు ఆఫ్ పెట్టే ఉంచి ఈమెయిల్ మీద గ్రూప్ బై చేసి ఒకటి కంటే ఎక్కువ ఉన్నవి తీయండి, లేకపోతే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగం) అదే పాడైన ఇండెక్స్‌ని వాడి మీకు తప్పు లెక్క ఇచ్చే ప్రమాదం ఉంది. ప్రతి జంటలో రికవరీ తర్వాత పుట్టిన రో ఏదో చూసుకుని, దాని ఐడీని వాడుతున్న ఆర్డర్లు, అడ్రస్‌లు లాంటివన్నీ పాత ఐడీకి మార్చాకే కొత్త రో తీసేయండి. ఎవరి రో ఉంచాలో డీబీఏ ఒక్కడే కూర్చుని నిర్ణయించకూడదు, ఆ డేటా వాడే టీమ్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఎందుకంటే కస్టమర్ కొత్త అకౌంట్‌లో పాస్‌వర్డో ఫోన్ నంబరో మార్చుకుని ఉండొచ్చు. ఆ తర్వాత టెక్స్ట్, వార్‌చార్, సీఐటెక్స్ట్ మీద ఉన్న ప్రతి ఇండెక్స్, లోయర్ ఆఫ్ ఈమెయిల్ లాంటి ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్‌లు కూడా కలిపి రీఇండెక్స్ చేయండి. సీ కొలేషన్‌తో ఉన్నవాటికి ఈ బాధ లేదు. టెక్స్ట్ కాలమ్ మీద రేంజ్ పార్టిషన్లు ఉంటే అవి విడిగా చూడాలి, రీఇండెక్స్ రోలని ఒక పార్టిషన్ నుంచి ఇంకోదానికి జరపదు. ఇంకో చిన్న మాట, మీ 14 మైనర్ వెర్షన్ ఎంత? 14.4 కంటే కిందది అయితే ముందు అప్‌డేట్ చేయండి, 14.0 నుంచి 14.3 వరకు కాంకరెంట్లీ ఆప్షన్‌తో ఇండెక్స్ కట్టినా రీఇండెక్స్ చేసినా ఇండెక్స్‌లో రోలు మిస్ అయ్యే బగ్ ఉండేది, బాగుచేయబోయి మళ్ళీ అదే గుంటలో పడతారు.

ఇక మిగిలింది మిస్సింగ్ చంక్ ఎర్రర్, నాకు నిజంగా ఆందోళనగా ఉన్నది ఇదే. రో సుమారు 2 కేబీ దాటితే అందులోని పెద్ద వాల్యూలని పోస్ట్‌గ్రెస్ ముక్కలు చేసి టోస్ట్ టేబుల్ అనే వేరే టేబుల్‌లో పెడుతుంది, మెయిన్ రోలో ఆ ముక్కల అడ్రస్ మాత్రమే ఉంటుంది. ఎర్రర్ అర్థం ఏంటంటే అడ్రస్ ఉంది, అక్కడికి వెళ్తే ముక్క లేదు. దీనికి కొలేషన్‌తో సంబంధం లేదు, టోస్ట్ ఇండెక్స్ నంబర్ల మీద ఉంటుంది. ముందు కాపీ మీద ఆ టోస్ట్ టేబుల్‌ని రీఇండెక్స్ చేసి చూడండి, ఒక్కోసారి ఇండెక్స్ మాత్రమే చెడి ముక్కలు భద్రంగా ఉంటాయి, అప్పుడు అక్కడితో అయిపోతుంది. అయినా ఎర్రర్ వస్తుంటే ముక్కలు నిజంగానే లేవు, అప్పుడు అవి ఎప్పుడు పోయాయి అన్నది తేల్చాలి, డిస్క్ చావకముందే పోయాయా, లేక రికవరీ చేసేటప్పుడు పోయాయా.

రికవరీలోనే పోతే నేను మొదట అనుమానించేది బ్యాకప్_లేబుల్ ఫైల్‌ని. సర్వర్ నడుస్తుండగా తీసిన బేస్ బ్యాకప్‌లో ఒక్కో ఫైల్ ఒక్కో టైమ్‌లో కాపీ అవుతుంది, కాబట్టి అది దానంతటది పొంతన లేని కాపీ, బ్యాకప్ మొదలైన చెక్‌పాయింట్ (అప్పటివరకు జరిగిన మార్పులు డిస్క్ మీదకి చేరాయని పెట్టుకునే గుర్తు) నుంచి వాల్ మొత్తం ఆడిస్తేనే పొంతన కుదురుతుంది. ఆ మొదలు ఎక్కడో చెప్పేది ఈ చిన్న ఫైల్. ఇది లేకపోతే సర్వర్ పీజీ_కంట్రోల్ అనే ఫైల్‌లో ఉన్న చెక్‌పాయింట్ నుంచి మొదలుపెడుతుంది, అది బ్యాకప్ మధ్యలో పడిన తర్వాతి చెక్‌పాయింట్ అయ్యుంటే మధ్యలో ఉన్న మార్పులు కొన్ని పేజీలకి ఎప్పటికీ రావు. దారుణం ఏంటంటే సర్వర్ ఏ గొడవా లేకుండా లేస్తుంది. చెక్‌సమ్ (పేజీ పాడైందో లేదో పట్టుకునే లెక్క) కూడా పట్టుకోదు, ఎందుకంటే ఆ పేజీ పాడవలేదు, పాతది అంతే, దాని చెక్‌సమ్ దానికి సరిగ్గానే ఉంటుంది. సర్వర్ లేవనప్పుడు కనిపించే హింట్‌లో బ్యాకప్ నుంచి రీస్టోర్ చేయట్లేదంటే ఆ ఫైల్ తీసేసి చూడమని ఉంటుంది, బ్యాకప్ నుంచి రీస్టోర్ చేస్తుంటే తీయడం వల్ల క్లస్టర్ (ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ) కరప్ట్ అవుతుందని కూడా ఆ పక్కనే రాసి ఉంటుంది, కానీ అర్ధరాత్రి సర్వర్ డౌన్ అయి అందరూ ఫోన్లు చేస్తుంటే మొదటి సగం చదివి చేసేస్తారు. మీ డేటా డైరెక్టరీలో బ్యాకప్_లేబుల్.ఓల్డ్ అనే ఫైల్ ఉందా చూడండి, రికవరీ దాన్ని వాడాక అలా పేరు మారుస్తుంది. లాగ్‌లో "రీడూ స్టార్ట్స్ ఎట్" ఏ స్థానం చూపిస్తోంది, "కన్సిస్టెంట్ రికవరీ స్టేట్ రీచ్డ్" లైన్ ఉందా అన్నది కూడా చూడండి. ఆ స్థానం ఒరిజినల్ బ్యాకప్‌లో ఉన్న లేబుల్ ఫైల్‌లోని స్టార్ట్ వాల్ లొకేషన్‌తో కలవాలి. కలవకపోతే ఇక ఈ క్లస్టర్‌లో టోస్ట్ ఒక్కటే కాదు, దేన్నీ నమ్మొద్దు, ఒక్కో టేబుల్ రిపేర్ చేసుకుంటూ కూర్చోకుండా బేస్ బ్యాకప్ నుంచి మళ్ళీ మొదటి నుంచి రికవరీ చేయండి.

లేబుల్ సరిగ్గానే ఉందంటే పాత డిస్క్ మీద అనుమానం. చచ్చే డిస్క్ చాలాసార్లు చావకముందే కొన్ని చోట్ల చెడిపోయి ఉంటుంది, ఆ చెడిన పేజీలే బ్యాకప్‌లోకి వచ్చేస్తాయి. ఇంకా పాత బ్యాకప్ ఒకటి విడిగా రీస్టోర్ చేసి అవే డాక్యుమెంట్స్ చదవండి, అక్కడ వస్తే ఆ వాల్యూలని అక్కడి నుంచే తెచ్చుకోవచ్చు, అక్కడా రాకపోతే ఇంకా వెనక్కి వెళ్ళండి. ఏ రోలు పాడయ్యాయో కనిపెట్టడానికి ఒక డూ బ్లాక్‌లో ఒక్కో ఐడీకి ఆ కాలమ్ చదివి ఎక్సెప్షన్ వస్తే ఐడీ నోట్ చేసే లూప్ రాయండి. కాలమ్ లెంగ్త్ మాత్రమే అడిగితే కొన్నిసార్లు ముక్కలు చదవకుండానే జవాబు వచ్చేస్తుంది, అందుకని ఎండీ5 లాంటిది పెట్టండి, తప్పకుండా మొత్తం చదువుతుంది.

మిగతా టేబుల్స్ సంగతి తేలాలంటే కాపీ మీద పీజీ_ఏఎంచెక్ అనే పరీక్ష టూల్ నడపండి, 14 తోనే వస్తుంది, హీప్‌ఆల్‌ఇండెక్స్‌డ్ ఆప్షన్‌తో పెడితే టేబుల్‌లో ఉన్న ప్రతి రోకీ ఇండెక్స్‌లో ఎంట్రీ ఉందో లేదో కూడా చూస్తుంది, టైమ్ పడుతుంది, పట్టనీయండి. కొలేషన్ చెడగొట్టిన ఇండెక్స్‌లు ఇక్కడ "ఐటమ్ ఆర్డర్ ఇన్వేరియంట్ వయొలేటెడ్" అని బయటపడతాయి. పీజీ_డంప్ (డేటా అంతా బయటికి తీసే టూల్) అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి కాకుండా డెవ్ నల్‌లోకి, అంటే ఎక్కడా దాచకుండా, పంపడం కూడా మంచి టెస్టే, ప్రతి టేబుల్‌లో ప్రతి రో చదవబడుతుంది, కానీ అది మీ ఇండెక్స్‌లని పరీక్షించదు. ఈ రెండూ పాస్ అయినా వాల్యూలు కరెక్ట్ అని కాదు, నిర్మాణం సరిగ్గా ఉందని మాత్రమే. అందుకే ఫారిన్ కీలు కూడా చూడాలి, పేరెంట్ లేని చైల్డ్ రోలు ఉన్నాయేమో లెఫ్ట్ జాయిన్‌తో వెతకండి. వ్యాలిడేట్ కన్‌స్ట్రెయింట్ కొడితే సరిపోతుంది అనుకోవద్దు, ఇప్పటికే వ్యాలిడ్ అని రాసి ఉన్నదాన్ని అది మళ్ళీ చూడదు.

చివరికి ఎక్కడ తేలాలంటే, ఇండెక్స్‌లో కాకుండా ఒక్క టేబుల్ అసలు డేటాలో నిజంగా పాడైందని తేలినా సరే ఈ క్లస్టర్‌ని అతుకులు వేసి కొనసాగించకండి. కొత్తగా ఇనిట్‌డీబీతో ఖాళీ క్లస్టర్ తయారుచేసి, చెక్‌సమ్స్ ఆన్ పెట్టి, డంప్ నుంచి లోడ్ చేయండి. పోస్ట్‌గ్రెస్ 18 లో చెక్‌సమ్స్ డిఫాల్ట్‌గా ఆన్ ఉంటాయి, 14 లో మీరే అడగాలి. లోడ్ అయ్యేటప్పుడు యూనిక్‌లు, ఫారిన్ కీలు అన్నీ మొదటి నుంచి చెక్ అవుతాయి, ఇంకా దాగున్న తప్పులు ఉంటే అక్కడ ఎర్రర్‌గా బయటికి వస్తాయి, ఆ ఎర్రర్లని తిట్టుకోకుండా ఒక్కొక్కటీ చూడండి.

ప్రస్తుతానికి రికవరీ లాగ్‌లో నేను చెప్పిన ఆ లైన్లు, బ్యాకప్_లేబుల్.ఓల్డ్ ఉందో లేదో, పీజీ_కంట్రోల్‌డేటాలో డేటా పేజ్ చెక్‌సమ్ వెర్షన్ 0 ఉందా 1 ఉందా, పీజీ_ఏఎంచెక్ అవుట్‌పుట్, ఇవి పెట్టండి. కస్టమర్ల వివరాలు ఉంటే తీసేసి పెట్టండి. అవి చూశాక టోస్ట్ సంగతి ఎటు వెళ్ళాలో చెప్తాను.